మావాడు రేస్ ట్రాక్‌లో మైకు పట్టుకున్నాడు

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు దగ్గర పల్లె. ఇరవై రెండేళ్ళుగా అమెరికాలో ఉంటున్నాం, ఇప్పుడు నార్త్ కరోలినాలోని కాంకర్డ్‌లో. నేను సాఫ్ట్‌వేర్, మా ఆవిడ ఫార్మసీలో పనిచేస్తుంది. అబ్బాయికి పంతొమ్మిదేళ్ళు, ఇంజనీరింగ్ రెండో ఏడు. శనివారం సాయంత్రమయ్యేసరికి గ్రూప్ స్టడీ అని వెళ్ళిపోయేవాడు. నెల కిందట తెలిసినవాళ్ళు ఒక వీడియో పంపారు. ఇక్కడికి గంట దూరంలో ఉన్న చిన్న రేస్ ట్రాక్‌లో మావాడు మైకు పట్టుకుని గొంతు చించుకుంటున్నాడు. ఆరా తీస్తే పోయినేడాది స్నేహితుడి కారుతో నాలుగు రేసులు కూడా నడిపాడని, చివరిసారి గోడకు కొట్టాడని తెలిసింది. కారు పోయింది, మైకు మిగిలింది. పైగా అక్కడ వాడి పేరు వాడిది కాదు. ఏదో అమెరికన్ పేరు పెట్టుకున్నాడు, ఇంటిపేరు కూడా మార్చేశాడు. అది విని నాకు కడుపు రగిలిపోయింది. నిలదీస్తే, "నేను బ్రాడ్‌కాస్టర్ని అవుతా నాన్నా, పెద్ద పెద్ద డ్రైవర్లందరూ చివరికి అదే చేస్తారు" అంటున్నాడు. నాకు తెలిసినంతలో అది నడపడం చేతకానివాడు చేసే పని. దీనికి భవిష్యత్తు ఉంటుందా? వాడితో ఎలా మాట్లాడాలి? మా ఆవిడకి నెలరోజులుగా నిద్ర లేదు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అబద్ధం చెప్పి వెళ్ళడం, కారు గోడకు కొట్టడం, అవన్నీ మాట్లాడదాం. కానీ రెండుసార్లూ నన్ను ఆపేసింది ఆ పేరు సంగతి. మీకు కడుపు రగిలిందీ అక్కడేగా. అక్కణ్ణుంచే మొదలుపెడతాను. ఎందుకంటే మీ ఇంటికి గంట దూరంలోనే, డెబ్భై ఏళ్ళ కిందట, దాదాపు ఇదే గొడవ ఇంకో ఇంట్లో జరిగింది.

హికరీ పట్నం దగ్గర జారెట్ అని ఒక కుటుంబం. తండ్రికి సా మిల్లు, అంటే కలప కోసే మిల్లు. కొడుకు నెడ్, 1932లో పుట్టినవాడు, మిల్లులో పనిచేస్తూనే కార్ల పిచ్చిలో పడ్డాడు. ఆ చుట్టుపక్కల కొండల్లో నాటుసారా తరలించే కుర్రాళ్ళు పోలీసులకు దొరక్కుండా కార్లు ఉరికించేవాళ్ళు. స్టాక్ కార్ రేసింగ్‌కు తొలిరోజుల్లో వచ్చిన పేరు, చెడ్డపేరు కూడా, అదే. (స్టాక్ కార్ అంటే వేరే ఏమీ లేదు, షోరూములో స్టాకు ఉన్న కారు. మొదట్లో నిజంగానే కొన్న కారుతోనే పందెం వేసేవాళ్ళు. ఇప్పుడు పైన చొక్కా మాత్రమే అది, లోపలంతా పందెం కోసం కట్టిన బండి.) మర్యాదస్తుడైన ఆ తండ్రికి కొడుకు అలాంటి చోట తిరగడం నచ్చలేదు. చివరికి ఒక రాజీకి వచ్చాడు: కారుకు ఓనరుగా ఉండు, రిపేర్లు చేసుకో, స్టీరింగ్ మాత్రం ముట్టుకోవద్దు.

సరే అని నెడ్, జాన్ లెంట్జ్ అనే స్నేహితుడితో కలిసి కారు పెట్టాడు. నడిపేది లెంట్జ్. ఒకరోజు లెంట్జ్‌కి ఒంట్లో బాగాలేదు. నెడ్ ఆ పేరుతోనే కారెక్కి రెండో స్థానంలో వచ్చాడు. రుచి మరిగాడు. ఆ తర్వాత కొన్ని రేసులు అదే పేరుతో నడిపాడు. చివరికి ఒకటి గెలిచేసరికి విషయం ఇంటికి చేరింది. తండ్రి అన్నమాట ఏమిటంటే, ఎలాగూ నడుపుతున్నావు కాబట్టి కనీసం నీ సొంత పేరుతో నడుపు.

ఆ తండ్రి ముచ్చటపడి అన్నమాట కాదది. ఆశీర్వాదం కూడా కాదు. అయినా మూడొంతుల గొడవ అక్కడితో తీరిపోయింది.

మీవాణ్ణి ఒక్కటే అడగండి, కోపం లేకుండా: పేరెందుకు మార్చుకున్నావు? అక్కడివాళ్ళకి నోరు తిరగదని అంటే అది ఒక సంగతి. "గోడకు కొట్టినవాడిగా మన ఇంటిపేరు ట్రాక్‌లో మోగడం ఇష్టంలేక" అంటే అది వేరే సంగతి. నా అనుమానం రెండోదే. మీరు పరువు తీశాడనుకుంటున్నారు. వాడు తనకు చేతనైనట్టు మీ పరువు కాపాడాననుకుంటూ ఉండొచ్చు.

ఇక రెండోది. "నడపడం చేతకానివాడు చేసే పని" అన్నారు. ఇక్కడ మాత్రం మీతో పోట్లాడతాను.

ఆ నెడ్ జారెట్టే తీసుకోండి. 1959లో ఒక మంచి కారు అమ్మకానికొచ్చింది. ధర 2,000 డాలర్లు. చేతిలో పైసా లేదు. బ్యాంకు మూసేదాకా ఆగి చెక్కు రాసిచ్చాడు. అంటే సోమవారం దాకా గడువు. ఆ వారాంతంలోనే రెండు రేసులు నడిపి రెండూ గెలిచాడు, ప్రైజు డబ్బుతో చెక్కు పరువు దక్కించుకున్నాడు. (మీవాడికి ఈ కథ ఇప్పుడే చెప్పకండి.) 1961లో, మళ్ళీ 1965లో నాస్కార్ (అమెరికాలో స్టాక్ కార్ పందేలు నడిపే సంస్థ) ఛాంపియన్ అయ్యాడు. మొత్తం 50 విజయాలు. 1965లో డార్లింగ్టన్‌లో సదరన్ 500 గెలిచినప్పుడు రెండో కారు 14 ల్యాపుల (ట్రాకు చుట్టూ తిరిగే చుట్ల) వెనక ఉంది. అదే ఏడాది మధ్యలో ప్రమాదంలో వెన్ను దెబ్బతింటే నడుముకు పట్టీ కట్టుకుని నడిపి ఛాంపియన్ అయ్యాడు. మరుసటి ఏడు ఫోర్డ్ కంపెనీ రేసింగ్ నుంచి తప్పుకుంది. ఆయన కూడా స్టీరింగ్ వదిలేశాడు, 34 ఏళ్ళకు, ఛాంపియన్‌గా ఉండగానే. అలాంటి మనిషి తర్వాత మైకు పట్టుకున్నాడు.

ఇందులో మీకూ మీవాడికీ ఇద్దరికీ పనికొచ్చే ముక్క ఒకటుంది. రేసులు నడుపుతున్న రోజుల్లోనే నెడ్, డేల్ కార్నెగీ కోర్సులో చేరాడు, నలుగురిలో మాట్లాడటం నేర్చుకోవడానికి. పల్లెటూరి మనిషి, సా మిల్లు చదువు. గెలిచినవాణ్ణి మైకు ముందు నిలబెడతారు, విందుల్లో నాలుగు మాటలు చెప్పమంటారు, స్పాన్సర్లు వింటుంటారు. అక్కడ తడబడటం ఆయనకి ఇష్టంలేదు. అందుకని కారులో ఇంజిన్ బాగుచేసుకున్నట్టే గొంతు బాగుచేసుకున్నాడు. మర్యాదగా మాట్లాడతాడని "జెంటిల్‌మన్ నెడ్" అన్న పేరు వచ్చింది. అయినా రిటైరైన మర్నాడే టీవీ వాళ్ళు గుమ్మం ముందు నిలబడలేదు. హికరీ ట్రాకు నడిపే బాధ్యత తీసుకున్నాడు. టికెట్లు, డ్రైవర్ల తగాదాలు. మోటార్ రేసింగ్ నెట్‌వర్క్, అంటే ఎంఆర్ఎన్ రేడియోలో చేరింది 1978లో. స్టీరింగ్ వదిలాక పన్నెండేళ్ళకి.

1984 జులై 4న ఫ్లోరిడాలోని డేటోనా ట్రాకులో రేసు చూడ్డానికి అధ్యక్షుడు రీగన్ వచ్చాడు. విమానంలోంచే ఫోనులో ఇంజిన్లు స్టార్ట్ చేయమని చెప్పి, రేసు మధ్యలో ట్రాకుకు చేరుకున్నాడు. ఆయన పక్కన కూర్చుని రేడియోలో మాట్లాడించింది ఈ సా మిల్లు కుర్రాడే. ఆ రోజు రిచర్డ్ పెట్టీ అనే డ్రైవరు తన 200వ విజయం సాధించాడు కాబట్టి ఆ రేసును ఇప్పటికీ చెప్పుకుంటారు.

రేడియోతో పాటు టీవీ కూడా, సీబీఎస్, ఈఎస్‌పీఎన్ ఛానళ్ళలో. అక్కడ జరిగిన ఒక సంగతి మీకు తప్పకుండా చెప్పాలి. ఆ వీడియో మీవాడితో కలిసి చూడండి. 1993 ఫిబ్రవరి 14, డేటోనా 500, నాస్కార్‌లో అన్నిటికన్నా పేరున్న రేసు. బూత్‌లో, అంటే వ్యాఖ్యాతలు కూర్చునే గదిలో, నెడ్ జారెట్. ట్రాక్ మీద ఆయన కొడుకు డేల్ జారెట్. కొడుకుతో పోటీ పడుతున్నది డేల్ ఎర్న్‌హార్ట్, ఆ కాలంలో అందరికంటే భయపెట్టే డ్రైవరు. చివరి ల్యాపులో కొడుకు ముందుకొచ్చాడు. సీబీఎస్ వాళ్ళు ఇయర్‌ఫోన్‌లో నెడ్‌తో అన్నారు, ఇక నువ్వే చెప్పు, నాన్నలాగా చెప్పు అని. పక్కనున్న ప్రధాన వ్యాఖ్యాత కెన్ స్క్వయర్ నోరు మెదపకుండా తప్పుకున్నాడు. అంతే, తండ్రి టీవీ సంగతి మర్చిపోయాడు. లోపలికి రా, లోపలి దారి వాడికి వదలకు, నేలకు తొక్కేశావని నాకు తెలుసు, ఇంకేం చేయలేవు, రా అంటూ కొడుకుతో నేరుగా మాట్లాడుతున్నాడు. కొడుక్కి వినపడదు. దేశమంతా వింటోంది. తల్లి మార్తా ట్రాకు మధ్యనున్న మైదానంలో వ్యాన్‌లో కూర్చుని కళ్ళు పెట్టి చూడలేకపోయింది. కొడుకు గెలిచాడు.

తర్వాత నెడ్‌కి మనసు ఒప్పలేదు. వ్యాఖ్యాత ఒక పక్షం తీసుకోకూడదు కదా. ఎర్న్‌హార్ట్ దగ్గరకెళ్ళి క్షమించమని అడిగాడు. నేనూ తండ్రినే కదా అన్నాడు ఎర్న్‌హార్ట్.

ఒకటి గమనించారా? ఆ తండ్రి మురిపెంలో కూడా ఏం చెప్తున్నాడు? నా బంగారం, నా సింహం అనడం లేదు. కారు ఎక్కడుండాలో చెప్తున్నాడు. లోపలి గీత పట్టుకో, వాడికి చోటివ్వకు. నడిపినవాడి నోట్లోంచే ఆ మాటలు వస్తాయి. మీరు గుంటూరు జిల్లావారు కాబట్టి మీకు సులువుగా అర్థమవుతుంది. ఎడ్ల బండలాగుడు పోటీల్లో మైకు పట్టుకునే పెద్దాయన గుర్తున్నాడా? మా ఊళ్ళో ఒకాయన ఉండేవాడు. కుర్రతనంలో సొంత జత తోలినవాడు. "ఎలపటిది భుజం వెయ్యట్లేదబ్బాయ్, దాపటి దాని మీదే పడుతోంది బరువంతా, చూసుకో" అని మైకులో అనగానే జనం మెడలు ఒక్కసారి అటు తిరిగేవి. అప్పటిదాకా అందరికీ కనిపిస్తున్నది రెండు ఎడ్లూ ఒక బండా. ఆయన చెప్పాక భుజం కనిపించేది. నెడ్ జారెట్ చేసిన పనీ అదే. అది చేతకానివాడి పనని మన ఊళ్ళో ఎవరన్నా అంటే మీరే ఒప్పుకోరు.

ఆయన ఒక్కడే కాదు. బెన్నీ పార్సన్స్ అని ఇంకొకాయన. డెట్రాయిట్‌లో తండ్రికి టాక్సీల వ్యాపారం, ఈయన టాక్సీ నడిపాడు. రేసు దరఖాస్తుల్లో వృత్తి అన్నచోట టాక్సీ డ్రైవర్ అనే రాసేవాడు. 1973లో ఆ ఏడాది మొత్తంలో ఒకే ఒక్క రేసు గెలిచి ఛాంపియన్ అయ్యాడు. ఆఖరి రేసు రాకింగ్‌హామ్‌లో మొదట్లోనే కారు కుడిపక్క చీరుకుపోతే, పోటీ జట్ల మెకానిక్కులే వచ్చి, ఇంకో కారులోంచి పైపులు కోసి తెచ్చి అతికించి పంపారు. అంత మంచివాడని పేరు. ఆ మనిషి తర్వాత ఈఎస్‌పీఎన్‌లో నెడ్ పక్కన కూర్చున్నాడు, ఆ పైన ఇతర ఛానళ్ళలో, 2007 జనవరిలో చనిపోయేదాకా. ఆయన వ్యాఖ్యానం వింటే పక్కింటి మావయ్య వరండాలో కూర్చుని చెప్తున్నట్టుండేది. కారు ఎందుకు పక్కకు జారిందో చెప్పడానికి ఆయన ఫిజిక్సు ఎత్తేవాడు కాదు.

అన్నీ మురిపాలే అనుకోకండి. 2001 ఫిబ్రవరి 18, మళ్ళీ డేటోనా, మళ్ళీ చివరి ల్యాపు. ఫాక్స్ ఛానల్ నాస్కార్ రేసులు చూపించడం మొదలుపెట్టిన ఏడాది అది. బూత్‌లో మూడుసార్లు ఛాంపియనైన డారెల్ వాల్‌ట్రిప్. అప్పటికి 462 రేసులు నడిపి ఒక్కటీ గెలవని తమ్ముడు మైకెల్ ముందున్నాడు. అన్న ఆనందం పట్టలేక ఏడుస్తున్నంత పనిచేశాడు. అదే క్షణంలో వెనక నాలుగో మలుపులో ఎర్న్‌హార్ట్ కారు గోడకు కొట్టింది. మైకెల్ నడుపుతున్న కారు ఓనరు కూడా ఆయనే. డారెల్ గొంతు మారిపోవడం వినిపిస్తుంది. తమ్ముడి గెలుపు పక్కన పెట్టి, డేల్ బాగానే ఉన్నాడు కదా అని అడుగుతున్నాడు. బాగాలేడు. అదే ఎర్న్‌హార్ట్ చివరి ల్యాపు. గోడకు కొట్టిన కారును చూసి ఎంత మాట్లాడాలి, ఎప్పుడు మాట్లాడకూడదు అన్నది ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైన చదువు. నెడ్ జారెట్‌కి అది ఇంకోరకంగా వచ్చింది. 1964లో మీ ఊళ్ళోనే, అంటే కాంకర్డ్‌లోని షార్లెట్ ట్రాక్‌లో, మంటల్లో చిక్కుకున్న ఫైర్‌బాల్ రాబర్ట్స్ అనే డ్రైవరుని కారులోంచి బయటికి లాగింది ఆయనే. రాబర్ట్స్ ఐదారు వారాలు ఆసుపత్రిలో ఉండి చనిపోయాడు.

ఇప్పుడు మీవాడి దగ్గరకొస్తాను. ఇక్కడ వాడితోనూ పోట్లాడాలి. "పెద్ద డ్రైవర్లందరూ చివరికి అదే చేస్తారు" అన్నాడట. నిజమే. డేల్ జారెట్ చేశాడు, జెఫ్ గార్డన్ చేశాడు, డేల్ ఎర్న్‌హార్ట్ కొడుకు 2017లో రిటైరై మరుసటి ఏడే ఎన్‌బీసీలో కూర్చున్నాడు. కానీ వాళ్ళు పెద్ద డ్రైవర్లు. నాలుగు రేసులు నడిపి గోడకు కొట్టినవాడికి ఆ కుర్చీ ఎవరూ ఇవ్వరు. బూత్‌లో కుర్చీలు రెండు రకాలు. ఒకటి విశ్లేషకుడిది, అందులో కూర్చోవాలంటే ముందు గెలవాలి. రెండోది రేసును నడిపించే ప్రధాన వ్యాఖ్యాతది. ఎవరెక్కడున్నారో చెప్పి, ప్రకటనలకు దారిచ్చి, పక్కనున్న ఛాంపియన్ చేత సరైన సమయానికి సరైన మాట చెప్పించేవాడు. పిట్‌లో, అంటే రేసు కార్లు ఆగి టైర్లు మార్చుకునే చోట, మైకు పట్టుకుని పరిగెత్తేవాళ్ళది కూడా ఈ కోవే. వీటికి ట్రోఫీలు అక్కర్లేదు.

కెన్ స్క్వయర్ సంగతి చెప్పాను కదా, 1993లో నోరు మూసుకుని తప్పుకున్నాయన. వెర్మాంట్ రాష్ట్రంలోని చిన్న ట్రాకుల్లో కుర్రతనంలోనే మైకు పట్టుకున్నాడు. 1970లో ఎంఆర్ఎన్ రేడియోను మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు. డేటోనా 500ని మొదటి జెండా నుంచి చివరి జెండా దాకా టీవీలో ప్రత్యక్షంగా చూపించింది 1979లో. ఆ రోజు ప్రధాన గొంతు ఆయనదే. ఫాక్స్‌లో ఇన్నేళ్ళుగా వినిపిస్తున్న మైక్ జాయ్ కూడా మసాచుసెట్స్‌లో ఒక చిన్న ట్రాకులో ప్రేక్షకులకు మైకులో చెప్పడంతో మొదలైనవాడే. మీవాడు శనివారం సాయంత్రాలు చేస్తున్న పని అచ్చంగా అదే. వాడికి నెడ్ జారెట్ దారి లేదు. మైక్ జాయ్ దారి ఉంది. తేడా వాడికి తెలిసినట్టు లేదు, మీరు చెప్పండి.

చిన్న ట్రాకు మైకంటే మీకు చులకనగా ఉంది కదా. మూడేళ్ళ కిందట మా అన్నయ్య కూతురు దగ్గర షార్లెట్‌లో ఉన్నప్పుడు ఒక శనివారం హికరీకి తీసుకెళ్ళింది. అర మైలు కూడా లేని ట్రాకు. కిందవరసలో కూర్చున్నాం, తెలివితక్కువగా. కార్లు మలుపు తిరిగినప్పుడల్లా టైర్ల రబ్బరు నలుసులు ఒళ్ళోకి వచ్చి పడుతున్నాయి. నా పాప్‌కార్న్‌లో నల్లటి జీలకర్ర చల్లినట్టయింది. కార్లు తిరుగుతున్నంతసేపూ మైకులో ఏం చెప్పినా వినపడదు. ఎవరన్నా ఢీకొంటే పసుపు జెండా ఊపుతారు, కార్లు నెమ్మదిగా తిరుగుతాయి. అప్పుడు దొరికే రెండు మూడు నిమిషాల్లోనే అనౌన్సరు అంతా చెప్పాలి. ఎవడు ఎవణ్ణి తగిలాడు, ఎవడి ఊరేది, కింద నుంచి ఎవడు పైకొస్తున్నాడు. ఆ రోజు మైకు దగ్గరున్నాయన చెప్పింది ఒకటి నాకింకా గుర్తుంది. ఒక నీలం కారును చూపించి, దాని ముక్కు తిరగనంటోంది, ఇంకో పది ల్యాపుల్లో బయటి గోడ వైపు పోతుంది చూడండి అన్నాడు. లెక్కపెట్టాను. పది కాదు, పద్నాలుగు. కానీ పోయింది.

రేసువాళ్ళ భాషలో దాన్ని టైట్ అంటారు, స్టీరింగ్ తిప్పినా ముక్కు తిరగదు. దానికి ఎదురు లూజ్, తోక జారిపోతుంది. వాళ్ళలో పాత జోకొకటుంది, గోడకు కొట్టేముందు గోడ కనిపిస్తే కారు టైట్, కనిపించకపోతే లూజ్ అని. మీవాడు ఏ రకంగా కొట్టాడో అడిగి చూడండి. నాలుగు రేసులు వృథా పోయాయో లేదో ఆ జవాబులో తెలిసిపోతుంది. సరిగ్గా వివరించగలిగితే, మీరు పెట్టని ఫీజుతో వాడొక చదువు చదువుకున్నాడన్నమాట.

భవిష్యత్తు గురించి అడిగారు. ఉన్నదున్నట్టు చెప్తాను. 2025 నుంచి ఏడేళ్ళకు నాస్కార్ ప్రసార హక్కులు 770 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయాయి. ఫాక్స్, ఎన్‌బీసీలతో పాటు అమెజాన్, టీఎన్‌టీ కూడా వచ్చాయి. డబ్బుంది. కుర్చీలు మాత్రం తక్కువ. బూత్‌కి ముగ్గురు, పిట్‌లో ముగ్గురో నలుగురో. రేడియోలో కాస్త చోటు ఎక్కువ, ఎందుకంటే అక్కడ మలుపు మలుపుకీ ఎత్తున ఒక మనిషిని నిలబెడతారు. కార్లు తన ముందుకు రాగానే అందుకుని, తన మలుపు దాటగానే తర్వాతివాడికి అప్పగిస్తాడు, కబడ్డీ కూతలాగా గుక్క తిప్పుకోకుండా. ఆ రేడియో నెట్‌వర్కుల్లో ముఖ్యమైనవి రెండు, ఎంఆర్ఎన్, పీఆర్ఎన్ (పెర్ఫార్మెన్స్ రేసింగ్ నెట్‌వర్క్). రెండూ ఉన్నది ఎక్కడనుకున్నారు? కాంకర్డ్‌లోనే. మీరు సరుకులు తెచ్చుకునే ఊళ్ళోనే. సినిమాల్లోకి వెళ్తానన్న పిల్లవాడి ఇల్లు ఫిల్మ్‌నగర్‌లో ఉన్నట్టు. వెళ్ళి తలుపు తట్టడానికి వాడికి ఇంటిపేరు మార్చుకునే పని కూడా లేదు. అక్కడ మనవాళ్ళ గొంతు నేనింతవరకూ వినలేదు, అది వాడికి అడ్డమో లాభమో వాడే తేల్చుకోవాలి.

కష్టం కూడా చెప్పాలి. ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా 36 రేసులు, దాదాపు ప్రతి వారం ఒక ఊరు. ఉగాది, వినాయక చవితి, దసరా అన్నీ వాటికిందే పోతాయి. ఇంట్లో సంక్రాంతి ఒక్కటే మిగులుతుంది. పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు మీ ఆవిడ పడే పాట్లు నేను ఊహించగలను.

అందుకని చదువు మానడానికి వీల్లేదని గట్టిగా చెప్పండి. అది తండ్రిగా మీ హక్కు. వాడికి నచ్చే మాటా ఒకటుంది: మీ దగ్గర్లోని యూఎన్‌సీ షార్లెట్‌లో మోటార్‌స్పోర్ట్స్ ఇంజనీరింగ్ చెప్తారు. డిగ్రీ ఎలాగూ చేస్తున్నాడు, ఆ వైపు మళ్ళొచ్చేమో కనుక్కోమనండి. రేపు మైకు దొరక్కపోయినా ఆ చుట్టుపక్కలున్న రేసు జట్లలో పని దొరుకుతుంది. లారీ మెక్‌రేనాల్డ్స్ ఎప్పుడూ పెద్ద డ్రైవరు కాదు, జట్టులో చీఫ్ మెకానిక్కు లాంటి క్రూ చీఫ్. 1998లో ఎర్న్‌హార్ట్ డేటోనా 500 గెలిచినప్పుడు ఆ జట్టును నడిపింది ఆయనే. 2001లో ఫాక్స్ బూత్‌లో డారెల్ పక్కన కూర్చున్నదీ ఆయనే. కారు లోపల ఏం జరుగుతోందో తెలిసినవాడికి కూడా మైకు ఇస్తారు.

స్టీరింగ్ సంగతికొస్తే, నాకైతే మీవాడు మళ్ళీ నడపకపోతే బాగుండుననే ఉంది. ఇందులో నేను మీ ఆవిడ పక్షం. కానీ వద్దంటే గ్రూప్ స్టడీ మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి చెప్పి నడపాలి, సొంత సంపాదనతో నడపాలి, మెడ కదలకుండా పట్టే సామగ్రి పూర్తిగా వేసుకోవాలి. ఎర్న్‌హార్ట్ చనిపోయిన ఏడాదే నాస్కార్ దాన్ని తప్పనిసరి చేసింది. చిన్న ట్రాకుల్లో నియమాలు చోటుకొక రకం, మీరే అడిగి తెలుసుకోండి. అబద్ధాలకు మాత్రం మీరు కోప్పడండి, నేను అడ్డం రాను. ఏడాదిపాటు శనివారం శనివారం తల్లి కళ్ళల్లోకి చూసి చెప్పిన అబద్ధమది. ఆవిడకి క్షమాపణ చెప్పాలి. మీకు కాదు, ముందు ఆవిడకి.

రికార్డింగులు అడగండి. పోయిన నెలవీ ఈ నెలవీ పక్కపక్కన పెట్టి వినండి. మీరు వీడియోలో విన్న అరుపు తగ్గుతుంటే నేర్చుకుంటున్నాడని అర్థం. ఏడాది తర్వాత కూడా అలాగే గొంతు చించుకుంటుంటే అప్పుడు మళ్ళీ నాకు రాయండి, వేరే జవాబిస్తాను.

వచ్చే శనివారం మీరిద్దరూ వెళ్ళండి. వాడితో చెప్పే వెళ్ళండి, పట్టుకోడానికి వచ్చినట్టుండకూడదు. దూది పనికిరాదు, ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి. పైవరసలో కూర్చోండి, రబ్బరు పడదు, నాలుగు మలుపులూ కనిపిస్తాయి. కార్లు ఒకదాన్నొకటి తగులుతాయని మీ ఆవిడకి ముందే చెప్పి ఉంచండి, అంత చిన్న ట్రాకులో తగలకుండా ఎవరూ ఎవర్నీ దాటలేరు. రేసులయ్యాక చాలా ట్రాకుల్లో గేటు తెరిచి ప్రేక్షకుల్ని పిట్‌లోకి రానిస్తారు. వెళ్ళండి. వాడి స్నేహితులు, ఆ మెకానిక్కులు, మైకు ఇచ్చినాయన అందరూ అక్కడే ఉంటారు. వాడు పరిచయం చేసేదాకా ఆగకుండా మీరే చెయ్యి చాపి చెప్పండి, మీ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా.